ట్యాంకు, చేపలు ఒకే రోజు అమ్ముతామంటే కొనకండి

మొదటిసారి ఇంట్లో అక్వేరియం పెట్టుకుందామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను 9 చేపలు తెచ్చాను. 9 రోజులు గడిచేసరికి 2 మిగిలాయి. దుకాణం పేరు రాయను. పేరు తెలిసినంత మాత్రాన మీకు ఒరిగేదేమీ లేదు, అక్కడ విన్న మాటలు తెలిస్తే ఎక్కడ విన్నా గుర్తుపడతారు.

నేను కొన్నది 'రెడీ సెట్'. గాజు ట్యాంకు, మూత, లైటు, లోపల పెట్టే చిన్న మోటార్ ఫిల్టర్, రంగు గులకరాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, మేత డబ్బా, వాటితోపాటు చేపలు, అన్నిటికీ కలిపి ఒకటే బిల్లు. "నీళ్లు పట్టి ఒక్క రాత్రి మోటార్ ఆడించండి సార్, పొద్దున్నే చేపలు వదిలేయొచ్చు" అన్నాడు దుకాణదారు. రెండు గోల్డ్ ఫిష్, ఆరు నియాన్ టెట్రాలు, అద్దం మీద పాచి తినేస్తుందంటూ ఒక సక్కర్ కవర్లలో కట్టి ఇచ్చాడు. కొత్త ట్యాంకులో పాచి ఎక్కడుంటుందని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

మూడో రోజుకు నీళ్లు పలచటి పాలలా మారాయి. ఫోన్ చేస్తే, "మేత ఎక్కువైంది, మొత్తం నీళ్లు మార్చేసి రాళ్లు, స్పాంజి బాగా కడగండి, రాత్రిపూట మోటార్ ఆపేయండి" అన్నాడు. మేత ఎక్కువైన మాట నిజమే. నేనొకసారి వేస్తే, నేను చూడనప్పుడు మా పాప ఇంకోసారి వేసేది. చెప్పినట్టే ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి తేట నీళ్లు వచ్చేదాకా పిండాను. ఆరో రోజు టెట్రాలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. గోల్డ్ ఫిష్ మొప్పలు ఎర్రగా కందిపోయాయి. మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి జబ్బు అన్నాడు, నీలం మందు సీసా అమ్మాడు. ట్యాంకు 40 లీటర్లని అతనే చెప్పాడు కాబట్టి ఆ లెక్కనే చుక్కలు వేశాను. మర్నాడు మూడు టెట్రాలు, ఆ తర్వాతి రోజు మిగతా మూడు, తొమ్మిదో రోజు ఒక గోల్డ్ ఫిష్ పోయాయి. పాపకు ఏం చెప్పాలో తెలియలేదు.

అప్పుడు చేశాను మొదటే చేయాల్సిన పని. టేపు తీసి ట్యాంకును కొలిచాను. పొడవు 45, వెడల్పు 25, ఎత్తు 25 సెంటీమీటర్లు. గుణించి వెయ్యితో భాగిస్తే 28 లీటర్లు. అదీ అంచు దాకా నింపితే. పైన వదిలిన ఖాళీ, కింద రాళ్లు పట్టిన చోటు తీసేస్తే అసలు నీళ్లు 22 లీటర్లకు మించవు. అంటే మందు దాదాపు రెట్టింపు పడింది! మోసం ఎంతో, నిర్లక్ష్యం ఎంతో నేను తేల్చలేను. మీరు మాత్రం బిల్లు కట్టే ముందు టేపుతో కొలవండి, సిగ్గుపడకండి.

అసలు జబ్బే లేదు. చుక్కలు వేసి రంగు చూసే నీటి పరీక్ష కిట్ తెచ్చి చూస్తే అమ్మోనియా 4 పీపీఎం (పది లక్షల పాళ్లలో నాలుగు) చూపించింది. ఉండాల్సింది సున్నా. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతూనే ఉంటాయి, తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. పాత ట్యాంకులో ఫిల్టర్ స్పాంజిని, రాళ్లను పట్టుకుని ఉండే బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ కొంతవరకు ఫర్వాలేదు, నీళ్లు మారుస్తుంటే తగ్గుతుంది. ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఒక్క రాత్రి మోటార్ తిరిగితే నీళ్లు తిరుగుతాయి, అంతే.

ఇది తెలిశాక ఆ సలహాలన్నీ వరసగా గుర్తొచ్చి ఒళ్లు మండింది. కొద్దో గొప్పో పుట్టిన బ్యాక్టీరియాను కుళాయి నీళ్లలోని క్లోరిన్‌తో నేనే చంపాను. అదే క్లోరిన్ చేపల మొప్పలనూ కాల్చేస్తుంది. ఇలాంటి నీలం మందుల్లో సాధారణంగా ఉండే మెథిలీన్ బ్లూ కూడా ఆ బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. రాత్రి మోటార్ ఆపితే ఆ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. ప్రతి సలహా రోగం కన్నా గట్టిగా పనిచేసింది.

చేపల ఎంపిక గురించి విడిగా చెప్పక్కర్లేదు గానీ, నియాన్ టెట్రా 3, 4 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. గోల్డ్ ఫిష్ 15 సెంటీమీటర్లు దాటుతుంది, పెద్దయ్యాక టెట్రాను గుటుక్కున మింగేయగలదు. దుకాణంలో వేలంత ఉన్న మామూలు సక్కర్ అడుగు దాటి పెరుగుతుంది. అది నా ట్యాంకులో తిరగాలంటే ముందు మడత పడాలి. పక్క తొట్టిలో నియాన్ రంగులు మెరుస్తున్న, ఒళ్లు అద్దంలా ఉండే అద్దం చేపలు కూడా చూపించాడు. ఆ రంగు పుట్టుకతో వచ్చింది కాదు, సూదితో ఎక్కించింది. వాటి జోలికి పోలేదు, ఆ ఒక్క తప్పు చేయలేదు.

వెళ్లి అడిగితే "చేపలకు గ్యారంటీ ఉండదు సార్" అన్నాడు. ఆ మాట అన్నిచోట్లా అంటారు, అందులో వింత లేదు. కానీ తప్పు సలహాకు కూడా గ్యారంటీ లేదట. కొత్త చేపలకు డిస్కౌంట్ ఇస్తానన్నాడు. దండం పెట్టి వచ్చేశాను.

కొనాలనుకుంటే ట్యాంకు, ఫిల్టర్, పరీక్ష కిట్, క్లోరిన్ పోగొట్టే వాటర్ కండిషనర్ ముందు తెచ్చుకోండి. నీళ్లు నింపి రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ ఆడించండి. చేపలు లేకుండా మేత వేయడం పిచ్చిపనిలా అనిపిస్తుంది, అది కుళ్లి పుట్టే అమ్మోనియాయే బ్యాక్టీరియాకు తిండి. తెలిసినవాళ్ల ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు నుంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే చాలా రోజులు కలిసొస్తాయి. మేత వేస్తూ ఉన్నా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తూ నైట్రేట్ కనిపించాక చేపలకు వెళ్లండి, అదీ కొద్దికొద్దిగా. 'ఇప్పుడే తీసుకెళ్లండి' అనేవాడి దగ్గర అస్సలు వద్దు. ఏ తొట్టిలోనైనా చచ్చిన చేప తేలుతూ కనిపించినా, ఒకే వలను అన్ని తొట్టెల్లో ముంచుతున్నా తిరిగి వచ్చేయండి.

మిగిలిన రెండింటినీ పెద్ద ట్యాంకు ఉన్న ఒకాయనకు ఇచ్చేశాను. సక్కర్ అక్కడ బాగానే తింటోందట.

ఇప్పటికే ఇలాంటి సెట్ కొని, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయా? మందు పోయకండి. రెండు రోజులు మేత ఆపండి, చేపలు తట్టుకుంటాయి. రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి, పోసే నీళ్లలో ముందే కండిషనర్ కలపండి, చేత్తో తాకితే ట్యాంకు నీళ్లంత వేడిలోనే ఉండేలా చూసుకోండి. స్పాంజిని కుళాయి కింద పెట్టకండి. మరీ మురికిగా ఉంటే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే ఒకసారి జాడించండి. రాత్రి కూడా మోటార్ ఆపొద్దు.