ఎ-లెవెల్‌లో లా: రెండేళ్లు చదివాక

ఇంగ్లండ్‌లో యూనివర్సిటీకి ముందు చదివే ఎ-లెవెల్‌కి హిస్టరీ, కెమిస్ట్రీతో పాటు లా తీసుకుని రెండేళ్లు చదివాను. ఎన్ని పేపర్లు, ఎన్ని మార్కులు అన్నది సిలబస్‌లో ఉంటుంది, దాని జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది సినేరియో ప్రశ్నల గురించి. ఒక సంఘటన ఇస్తారు, ఎవరి మీద ఏ నేరం నిలబడుతుందో మనం తేల్చాలి. వాటి వల్లే ఈ సబ్జెక్టంటే నాకు ప్రాణం.

1975 నాటి బ్లౌ కేసు చదివిన రోజు ఇంకా గుర్తుంది. ఒకతను పద్దెనిమిదేళ్ల అమ్మాయిని కత్తితో పొడిచాడు. రక్తం ఎక్కించాలన్నారు డాక్టర్లు. ఆమె 'యెహోవా సాక్షులు' అనే క్రైస్తవ శాఖకు చెందినది, తన మతం ఒప్పుకోదని వద్దంది, చనిపోయింది. ఆ రాత్రి అన్నాల దగ్గర చెబితే నాన్న, "రక్తం వద్దన్నది ఆ పిల్లే కదా, చావు అతని మీదకి ఎలా వస్తుందమ్మా?" అన్నారు. బాధితురాలు ఎలాంటి మనిషైనా, ఆమె నమ్మకాలతో సహా, పొడిచినవాడే భరించాలని కోర్టు చెప్పిందన్నాను. అమ్మ కోర్టు పక్షం. చేతులు ఎండిపోయేదాకా ముగ్గురం వాదించుకున్నాం. కెమిస్ట్రీ గురించి మా ఇంట్లో ఏనాడూ అంత మాట నడవలేదు.

ఆ ఇష్టమే మాక్ పరీక్షలో, అంటే అసలు పరీక్షకు ముందు స్కూల్లో పెట్టే నమూనా పరీక్షలో, దెబ్బ కొట్టింది. ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఆనందంగా రెండు పేజీలు బ్లౌ కథ రాశాను. సగం మార్కులు కూడా రాలేదు. "కథ నాకు తెలుసు. ఈ ప్రశ్నలో ఉన్న మనిషి సంగతేంటి?" అని టీచర్ పక్కన రాశారు. చాలా ఏడ్చాను. ఆ తర్వాత కేసుకి ఒక్క వాక్యం, మిగతా అంతా ఇచ్చిన సంఘటనకే అని నియమం పెట్టుకున్నాను.

కేసులు వాటంతటవే గుర్తుండిపోతాయని మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. కథలు ఉంటాయి. పేర్లు, సూత్రాలు మాత్రం కార్డుల మీద రాసుకుని బట్టీ పట్టాల్సిందే. కాంట్రాక్టు చట్టం వచ్చేసరికి ఇంట్లో వాదనలూ తగ్గాయి, నా ఉత్సాహమూ కొంత తగ్గింది.

యూనివర్సిటీలో లా చదవడానికి ఈ సబ్జెక్టు తప్పనిసరి కాదు. నాకు కలిసొచ్చిందంటే, పేజీలకు పేజీలు రాయడం ముందునుంచీ అలవాటు కాబట్టి. మా తమ్ముడు ఇప్పుడు ఇయర్ 11లో, అంటే మన పదో తరగతి లాంటి దాంట్లో, ఉన్నాడు. వాడికి లెక్కలు ఇష్టం, రాయడమంటే టెన్షన్. లా తీసుకోమని ఇంకా చెప్పలేదు. బ్లౌ కేసు మాత్రం చెప్పాను, వాడు నాన్న పక్షం.