కారు మీద సైకిలా, కారు వెనుక సైకిలా?

తిరుపతి నుంచి తలకోనకో, హార్స్‌లీ హిల్స్‌కో సైకిళ్లను కారుతో తీసుకువెళ్లి అక్కడి దారుల్లో తొక్కాలనుకునేవారికి మార్కెట్‌లో ప్రధానంగా నాలుగు రకాల ర్యాకులు దొరుకుతున్నాయి: డిక్కీకి బెల్టులతో కట్టేవి, టాపు మీది అడ్డకడ్డీలకు బిగించేవి, వెనుక తలుపుకు ఉండే స్టెపినీ మీద కూర్చునేవి, కారు వెనుక మరో బండిని లాగడానికి ఉండే టోయింగ్ హుక్కుకు తగిలించేవి. చివరిదాని సంగతి ముందే తేల్చేయవచ్చు. మన దగ్గర అమ్ముడయ్యే కార్లలో చాలావాటికి కంపెనీ నుంచి ఆ హుక్కు రాదు కాబట్టి, ర్యాకు ఎంత మంచిదైనా దాన్ని తగిలించే చోటే ఉండదు.

నేను వాడుతున్నది రెండు సైకిళ్లు పట్టే బెల్టు ర్యాకు. తయారీదారు పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఈ రకంలో మంచిచెడులు చాలావరకు ఒకటే. ధర తక్కువ, కొద్ది నిమిషాల్లో బిగించవచ్చు, పని అయిపోయాక మడిచి అటక మీద పడేయవచ్చు. అయితే అమ్మేవారు చెప్పని విషయం ఒకటుంది: అది వెడల్పు. పెద్దల మౌంటెన్ సైకిల్ పొడవు దాదాపు 1.75 మీటర్లు ఉంటుంది. వ్యాగన్ ఆర్ వెడల్పు 1,620 మిల్లీమీటర్లు, స్విఫ్ట్ వెడల్పు 1,735 మిల్లీమీటర్లు. అంటే సైకిల్‌ను చక్రాలతో సహా అడ్డంగా వేలాడదీస్తే, టైర్లు కారు అంచు దాటి పక్కలకు పొడుచుకువస్తాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194(1ఎ) సెక్షన్, బండి మీది సరుకు అనుమతించిన హద్దు దాటి పక్కలకు గానీ వెనక్కు గానీ చొచ్చుకువస్తే 20,000 రూపాయల జరిమానా అని చెబుతున్నది. జరిమానా మాట అటుంచినా, ఇరుకు రోడ్డు మీద పక్కనుంచి దూసుకుపోయే మోటార్ సైకిల్ వాడి మోచేతికి మన సైకిల్ తగలకూడదు కదా. ముందు చక్రం ఊడదీసి లోపల పెట్టుకుంటే పొడవు సుమారు ఒకటిన్నర మీటరుకు తగ్గి ఈ చిక్కు తీరుతుంది. క్విక్ రిలీజ్ (పానా అక్కర్లేకుండా చక్రాన్ని విప్పే మీట) ఉన్న సైకిల్‌కు అది నిమిషం పని.

రెండో చిక్కు నంబరు ప్లేటు. వేలాడే సైకిళ్లు దాన్నీ, వెనుక లైట్లనూ కప్పేస్తాయి. నంబరు స్పష్టంగా కనిపించాలన్నది 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని నిబంధన కాబట్టి, ర్యాకు చేతులను ఎంత ఎత్తుకు సర్దవచ్చో కొనేముందే చూసుకోవడం మంచిది. మరీ కిందికి సర్దితే టైరు సైలెన్సర్ పొగకు ఎదురుగా వస్తుంది. దూరప్రయాణంలో ఆ వేడికి రబ్బరు పాడవుతుంది.

బిగించేటప్పుడు కొక్కేలు రేకు అంచును పట్టుకోవాలి తప్ప అద్దం అంచునో, డిక్కీ పైఅంచున రెక్కలా ఉండే ప్లాస్టిక్ స్పాయిలర్‌నో పట్టుకోకూడదు. స్పాయిలర్ పెద్దదిగా ఉన్న హ్యాచ్‌బ్యాక్‌లకు కొన్ని ర్యాకులు అసలు కుదరవు. ర్యాకు మెత్తలు ఆనే చోట ధూళి తుడవకుండా బిగిస్తే, గుంతల రోడ్డు మీద ఆ ధూళే గరుకు కాగితంలా పనిచేసి పెయింటును గీరుతుంది. భాకరాపేట ఘాట్ లాంటి మలుపుల దారిలో సైకిళ్లు అటూ ఇటూ ఊగి బెల్టులు సడలుతాయి కనుక, ఘాట్ మొదలయ్యే ముందు ఒకసారి దిగి లాగి చూడాలి. మన ఎండలకు నైలాన్ బెల్టులు క్రమంగా పెళుసుబారతాయి. వాటి అంచుల్లో పోగులు లేస్తుంటే మార్చేయడమే మేలు.

తరచూ రెండు సైకిళ్లు తీసుకువెళ్లేవారికి నేను టాపు ర్యాకునే సూచిస్తాను. నంబరు ప్లేటు కప్పుకుపోదు, డిక్కీ తెరుచుకుంటుంది, పెయింటు రాసుకోదు. స్వీడన్ కంపెనీ థూలే వారి ప్రోరైడ్ 598 ఒక్కో సైకిల్‌ను 20 కిలోల వరకు మోస్తుంది. బ్యాటరీ సైకిళ్లు చాలావరకు అంతకన్నా బరువు. ఈ ర్యాకు చెయ్యి ఫ్రేమ్‌ను పట్టుకుంటుంది కాబట్టి కార్బన్ ఫ్రేమ్‌కు రక్షణ తొడుగు తప్పనిసరి. ఇక కారు విషయానికి వస్తే, టాపు మీద కనిపించే రెయిళ్లన్నీ బరువు మోసేవి కావు. కొన్ని కేవలం అలంకారం. అడ్డకడ్డీలు, రెండు ర్యాకులు, పదిహేనేసి కిలోల రెండు సైకిళ్లు కలిపి సుమారు 45 కిలోలవుతాయి కాబట్టి, కారు మాన్యువల్‌లో టాపు బరువు పరిమితి చూడకుండా డబ్బు కట్టకూడదు. సైకిళ్లు ఎక్కించాక కారు ఎత్తు రెండున్నర మీటర్లు దాటుతుంది. ఊళ్లో రైల్వే అండర్ బ్రిడ్జిల దగ్గరా, హోటళ్ల సెల్లార్ పార్కింగుల దగ్గరా ఈ సంగతి గుర్తుండాలి. డ్రైవర్ కళ్లెదుట పడేలా ఎత్తును ఒక చీటీ మీద రాసి అంటించుకోవడం చాదస్తం కాదు. ఎత్తైన ఎస్‌యూవీ మీదికి సైకిల్‌ను ఒక్కరే ఎత్తి నిలబెట్టడం మాత్రం కష్టమే.

కార్ డెకార్ షాపులో సామాను క్యారియర్ కొని, దానిపై సైకిళ్లను పడుకోబెట్టి తాళ్లతో కట్టడం చౌకే గానీ, గేర్లు ఉన్న సైకిల్‌కు వెనుక డీరెయిలర్ (గొలుసును ఒక గేరు నుంచి మరో గేరుకు మార్చే భాగం) సైకిల్ కింద నలిగి వంగిపోతుంది.

థార్ వంటి బండ్లకు స్టెపినీ ర్యాకు బాగా కుదురుతుంది. తలుపు కీళ్ల మీద అప్పటికే చక్రం బరువు ఉంటుంది కాబట్టి రెండు తేలికపాటి సైకిళ్లతో ఆగాలి. అడ్డగొట్టం లేని లేడీస్ సైకిళ్లనూ, పిల్లల సైకిళ్లనూ వేలాడదీసే ర్యాకులకు తగిలించాలంటే సీటు గొట్టానికీ హ్యాండిల్‌కూ మధ్య బిగించే అడాప్టర్ కడ్డీ విడిగా కొనాలి.

ఒక్క సైకిలే ఉండి, వెనుక సీటు మడిచే వీలున్న హ్యాచ్‌బ్యాక్ ఉన్నవారు ర్యాకు కొనవలసిన అవసరమే లేదు. ముందు చక్రం తీసి, గొలుసు వైపు పైకి ఉండేలా ఒక పాత దుప్పటి మీద పడుకోబెడితే చాలు. దారిలో చంద్రగిరి కోట చూడటానికి దిగినా సైకిల్ తాళం వేసిన కారులోనే ఉంటుంది. బెల్టు ర్యాకు మీది సైకిల్‌కైతే, ఫ్రేమ్ నుంచి కారులోని గట్టి భాగం దాకా కేబుల్ తాళం వేయనిదే పక్కకు కదలలేము.