నాక్‌క్రోగరీ మట్టి పైపులు: ఏం చూడాలి, ఎక్కడ దిగాలి

పొగాకు తాగే పాతకాలపు ఐరిష్ పైపు గురించి తెలుసుకోవాలంటే ఐర్లండ్‌లో రోస్‌కామన్ కౌంటీలోని నాక్‌క్రోగరీకి వెళ్లాలి. 1921 జూన్‌లో బ్రిటిష్ బలగాలు తగలబెట్టేదాకా ఈ ఊరికి మట్టి పైపులే పేరు. ఇప్పుడు అక్కడ చిన్న కార్ఖానా ఉంది. తలుపులు ఎప్పుడూ తెరిచి ఉంటాయనుకోకండి, ఫోన్ చేసుకుని వెళ్లండి.

పైపు చేస్తుండగా చూస్తేనే ప్రయాణం గిట్టుబాటు. తెల్ల బంకమట్టిని ఒక కొస ముద్దగా, మిగతాది సన్నని కాడగా పాముతారు. కాస్త గట్టిపడ్డాక కాడలోకి తీగ ఎక్కిస్తారు. పనితనమంతా ఇక్కడే. తీగ మొన ఎటు పోతోందో వేలికొసలతో పసిగట్టకపోతే పక్కనుంచి పొడుచుకొస్తుంది. తీగతో సహా రెండు ముక్కల ఇనుప అచ్చులో బిగించి, పైనుంచి మొద్దు దింపితే పొగాకు కూరే గిన్నె ఏర్పడుతుంది. అచ్చు అతుకు గీతలు చెక్కేసి నిదానంగా ఆరబెడతారు. తొందరపడితే కాడ వంగుతుంది, తడి ఉండగా కాలిస్తే పగులుతుంది. కొనేముందు ఊది చూడండి, గాలి ఆడాలి.

వాడకమూ తేలిక కాదు. ప్లగ్ పొగాకును (గట్టిగా అదిమిన పొగాకు దిమ్మను) కత్తితో చెక్కి, అరచేతిలో నలిపి, అడుగున వదులుగా, పైన కొంచెం బిగువుగా కూరాలి. అడుగున బిగిస్తే ఆరిపోతుంది. ఆగకుండా పీలిస్తే గిన్నె చేయి పెట్టనివ్వదు. వెలిగించడానికి పొయ్యిలోని టర్ఫ్ (బురదనేలల్లో తవ్వి ఎండబెట్టిన వంటచెరకు) నిప్పుకణిక చాలు. నల్లబడ్డ పైపును అదే నిప్పుల్లో పడేస్తే మళ్లీ తెల్లబడేది. కాడ విరిగినా పారేసేవారు కాదు. డూడీన్ అనే ఆ పొట్టి పైపును పళ్లతో కరిచిపట్టి పని చేసుకునేవారు. ఆడవాళ్లూ తాగేవారు. శవజాగరణకు వచ్చినవాళ్లకు పొగాకుతో పైపులిచ్చేవారు, అందుకున్నవాళ్లు పోయినవారి కోసం ప్రార్థన పలికేవారు.

నాక్‌క్రోగరీలో రైలు ఆగదు. బసకు రోస్‌కామన్ పట్నం దగ్గర, సుమారు 10 కి.మీ. అథ్లోన్ పట్నం దాదాపు 20 కి.మీ. అయినా హోటళ్లు ఎక్కువ, డబ్లిన్ రైళ్లూ ఎక్కువ. మా ఓటు దానికే. అదే రైలు మార్గంలో కాసిల్‌బార్ దిగితే టర్లో పార్క్‌లోని గ్రామీణ జీవన మ్యూజియం చేరువే. ప్రవేశం ఉచితం, సగం రోజు కేటాయించండి.

డబ్లిన్‌లోని పీటర్సన్ దుకాణం వేరే లోకం. 1865 నాటిదని చెప్పుకునే ఆ సంస్థది చెక్క పైపుల పని, ధరలూ అలాగే. పల్లె సంగతులకోసమైతే అక్కర్లేదు. మట్టి పైపులు కొంటే ఒక్కోటి విడిగా గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకోండి, కాడ చిన్న దెబ్బకే విరుగుతుంది. పబ్బుల్లో మాత్రం వెలిగించకండి. 2004 మార్చి 29 నుంచి లోపల పొగ నిషేధం.