సాలిడ్ చెక్కా, లామినేటా? హైదరాబాద్ ఎండావానల్లో ఏ గిటారు మేలు?

నా మాట ముందే చెప్పేస్తాను: పైపలక (తీగల కింద ఉండే ముందు పలక) సాలిడ్, అంటే పొరలు అతకని అసలు చెక్క, వెనకా పక్కలా లామినేట్ ఉన్న గిటారే మన ఊరికి సరైనది.

తీగల ఊపు బ్రిడ్జి (పైపలక మీద తీగల్ని పట్టి ఉంచే చెక్క ముక్క) మీదుగా పైపలకకు చేరుతుంది. మూడు మిల్లీమీటర్లకు అటూఇటూ ఉండే ఆ పలక కదిలితేనే గిటారు మోగేది. సాలిడ్ పలకకు స్ప్రూస్ గానీ సీడర్ గానీ వాడతారు. బరువు తక్కువ, చెక్క గీత పొడవునా మంచి బిగువు. మెల్లగా మీటినా పలుకుతుంది. లామినేట్ అంటే ఒక పొర గీతలకు మరో పొర గీతలు అడ్డంగా వచ్చేలా జిగురుతో అతికిన ప్లైవుడ్. అది అడ్డంగా కూడా బిగుసుకుంటుంది, కాబట్టి అంత తేలిగ్గా ఊగదు. మెల్లగా వాయించినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

వెనక, పక్కల సంగతి వేరు. స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ 1862లో వెనకా పక్కలా కాగితపు గుజ్జుతో, పైన మాత్రం మంచి స్ప్రూస్‌తో గిటారు చేసి, పైపలకదే పెత్తనమని చూపించాడు. 2018లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు వెనకా పక్కల చెక్క మాత్రమే మారిన ఆరు గిటార్లను 52 మంది వాద్యకారులకు ఇస్తే, ధ్వనికి వాళ్ళిచ్చిన మార్కుల్లో పెద్ద తేడా రాలేదు. అది లామినేట్ మీద చేసిన పరీక్ష కాదు. అయినా, వెనక ఖరీదైన రోజ్‌వుడ్ ఉందని వేలకు వేలు అదనంగా పోసే ముందు గుర్తుంచుకోదగిన సంగతి.

ఇక మన వాతావరణం. గిటారుకు 45 నుంచి 55 శాతం తేమ హాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం హైదరాబాద్ గాలిలో తేమ 30 శాతం దరిదాపుల్లోకి పడిపోతుంది. సాలిడ్ పలక కుంచించుకుని లోపలికి దిగుతుంది, మరీ ఎండితే చీలుతుంది. వానాకాలంలో అదే పలక ఉబ్బి తీగల్ని పైకి లేపుతుంది. లామినేట్‌లో పొరలు ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి కాబట్టి పెద్దగా కదలదు. మొత్తం సాలిడ్ గిటారైతే మూడు వైపులా కాపలా కాయాలి. ఏసీ గాలి తేమను లాగేస్తుంది, కూలర్ ఎదురుగా పెడితే తడి పట్టిస్తుంది. గదిలో హైగ్రోమీటర్ (తేమను కొలిచే పరికరం) పెట్టి, గిటారును కేసులో ఉంచే ఓపిక ఉంటే తప్ప అది కొనకండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఏ గిటారునూ వదలకూడదు. వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోతుంది.

దుకాణంలో యమహా ఎఫ్‌310, ఎఫ్‌జీ800 పక్కపక్కన అడిగి వాయించండి. మొదటిది లామినేట్ పైపలక, రెండోది సాలిడ్ పైపలక. లేబుల్ మీద 'సాలిడ్' అన్న మాట లేకుండా ఉత్త 'స్ప్రూస్' అని ఉంటే లామినేటేనని అనుకోవచ్చు. సౌండ్ హోల్ (పైపలక మధ్య గుండ్రటి రంధ్రం) అంచు చూడండి: పైగీతలు అంచు మందంలోకి కూడా దిగితే సాలిడ్, పొరలు కనిపిస్తే లామినేట్.

అప్పుడే నేర్చుకునే పిల్లలకు పూర్తి లామినేట్ చాలు. కానీ తీగలు ఎత్తుగా ఉంటే వేళ్ళు నొప్పెట్టి నెలలోనే వదిలేస్తారు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి, కొన్న రోజే యాక్షన్ (తీగల ఎత్తు) దింపించండి.