అల్మోరా జిల్లా: జాగేశ్వర్‌లో రెండు రాత్రులు ఉండండి

ఉత్తరాఖండ్‌లో నైనిటాల్ వెళ్లేవాళ్లు చాలామంది అల్మోరాను ఒక్క పూటలో చుట్టేసి వచ్చేస్తారు. మేమూ అలాగే అనుకున్నాం. కానీ అమ్మకు ఆ జిల్లాలోనే ఉన్న జాగేశ్వర్ శివాలయాలు చూడాలని కోరిక. రోజూ చదువుకునే ద్వాదశ జ్యోతిర్లింగ శ్లోకంలో "నాగేశం దారుకావనే" అని వచ్చే దారుకావనం ఇదేనని అక్కడివాళ్ల నమ్మకం. గుజరాత్ నాగేశ్వర్, మహారాష్ట్ర ఔంఢా నాగనాథ్ వాళ్లూ అదే మాట అంటారు. ఆ వాదన ఎలా ఉన్నా, ఆ దేవదారు చెట్ల నీడలో నిలబడ్డాక నాకు మాత్రం ఆ పేరు ఇక్కడికే అతికినట్టు అనిపించింది.

అక్టోబర్ చివర్లో ఢిల్లీలో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి కాఠ్‌గోదాంలో దిగాం. రైలు పట్టాలు అక్కడితో ఆఖరు. అక్కడి నుంచి అల్మోరాకు ట్యాక్సీలో మూడు గంటలకు పైనే పట్టింది. అన్నీ మలుపులే, వాంతుల మాత్ర ముందే వేసుకోండి.

అల్మోరాలో ఫొటోలు చూసి బుక్ చేసిన హోటల్ బాగా నిరాశపరిచింది. వ్యాలీ వ్యూ అని ఎక్కువ డబ్బులు తీసుకున్నారు, కిటికీ తెరిస్తే కార్ల పార్కింగ్. లిఫ్ట్ లేదు, గది మూడో అంతస్తులో. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కుతుంటే ప్రాణం ఉసూరుమంది. పెద్దవాళ్లతో వెళ్తే గది ఏ అంతస్తులో ఇస్తారో, వేడినీళ్లు ఎన్ని గంటలకు వస్తాయో ఫోన్ చేసి మరీ అడగండి.

బిన్సర్ అభయారణ్యానికి పొద్దున్నే వెళ్లాలి. మంచు కొండలు కనిపించే చోటు జీరో పాయింట్, అక్కడికి అడవిలో కాసేపు నడక. నందాదేవి, త్రిశూల్ శిఖరాలు కళ్లారా కనిపించాయి, పదకొండు అయ్యేసరికి మబ్బు కమ్మేసింది.

కటార్మల్ సూర్యదేవాలయం 9వ శతాబ్దపు కత్యూరీ రాజుల కట్టడం. పెద్ద గుడి చుట్టూ 44 చిన్న గుళ్లు. అరసవల్లిలో ఉండే రద్దీ ఇక్కడ లేదు, మేం వెళ్లినప్పుడు ఉన్నది ఆరుగురమే. చెక్కడాలున్న పాత చెక్క తలుపులను ఢిల్లీ నేషనల్ మ్యూజియానికి తరలించారు. అవి ఇక్కడే ఉంటే ఎంత బాగుండేదో.

ఇక జాగేశ్వర్. చిన్నా పెద్దా కలిపి వందకు పైగా రాతి గుళ్లు, పక్కనే జటాగంగ వాగు. పెద్ద గుళ్ల శిఖరం మీద రాతికి పైన చెక్కతో గొడుగులాంటి చిన్న కప్పు ఉంటుంది, మన వైపు అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. మృత్యుంజయ ఆలయం గోడ మీద చెయ్యి వేస్తే మంచుముక్కలా చల్లగా ఉంది. మధ్యాహ్నం టూరిస్టు బండ్లు వస్తాయి, సాయంత్రానికి వెళ్లిపోతాయి. ఆ తర్వాత వినిపించేది హారతి గంట, వాగు చప్పుడు, అంతే. అందుకే ఉండమంటున్నాను.

మేం దిగింది రెండు గదుల హోంస్టేలో. టీవీ లేదు, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అడగకుండానే బకెట్ వేడినీళ్లు వచ్చాయి. రాత్రి ఆ ఇంటి దీదీ మడువా రొట్టె, గహత్ పప్పు వడ్డించింది. అమ్మ ఒక ముద్ద తిని, "ఒరేయ్, ఇవి మన ఉలవలేరా! రొట్టేమో రాగిది" అంది. భాష రాకపోయినా ఇద్దరూ వంటింట్లో చేరి గంటసేపు మాట్లాడుకున్నారు. ఒక్క రాత్రికని వెళ్లినవాళ్లం రెండో రాత్రీ అక్కడే ఉండిపోయాం.

తిరుగు దారిలో అల్మోరా లాలా బజార్‌లో బాల్ మిఠాయి కొన్నాం. కాల్చిన కోవా మీద తెల్లటి చక్కెర పూసలు అద్ది ఉంటాయి. అమ్మ సంచిలో మాత్రం దీదీ కట్టిచ్చిన అరకిలో గహత్ ఉంది.