శంఖుపుష్పం: నేలలోనా, కుండీలోనా?

తొలకరి పడగానే అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి చాలామంది అడిగేది ఇదే: "విత్తనాలు దొరికాయండీ, నేలలో వెయ్యమంటారా, కుండీలోనా?"

మెట్ట ప్రాంతంలో అయితే ఆలోచించే పని లేదు, నేలలో వేసేయడమే. ఈ తీగ తల్లివేరు లోతుకు దిగుతుంది, ఎండల్ని బాగా తట్టుకుంటుంది. మనది డెల్టా. ఒండ్రుమట్టి, రెండు అడుగులు తవ్వితే ఊట, పక్కనే పంట బోదె. శ్రావణ భాద్రపదాల్లో ఓ పూట నీళ్లు నిలిచినా శంఖుపుష్పానికి ఏమీ కాదు. రోజుల తరబడి నిలిస్తే మాత్రం ఆకులు పసుపెక్కి, వేరు కుళ్లిపోతుంది. కాబట్టి ముందు చూడాల్సింది కుండీ సైజు కాదు, మీ పెరట్లో నీరు ఎటు పోతుందన్నది. వానాకాలంలో మూరెడు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. మర్నాడు పొద్దుటికి ఇంకిపోతే నేలే మేలు. ఇంకా నిలిచి ఉంటే అక్కడ నేరుగా వేయకండి.

అలాంటి చోట కూడా నేను వెంటనే కుండీ వైపు వెళ్లను. ప్రహరీ వారన మోకాలెత్తు దిబ్బ పోసి, మట్టిలో ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, అందులో విత్తుతాను. మాఘ ఫాల్గుణాల్లో వేస్తే వానలు ముదిరేలోగా వేరు నిలదొక్కుకుంటుంది. వేసవిలో కాలువలు కట్టేసినా రెండు మూడు రోజులకో బిందె నీళ్లతో బతికేస్తుంది. కొబ్బరిచెట్ల నీడన మాత్రం వద్దు. కనీసం ఆరు గంటల ఎండ లేకపోతే ఆకే తప్ప పువ్వు ఉండదు.

కుండీకి ఉన్న సుఖం కాదనలేం. వాన ముంచెత్తితే అరుగు మీదికి జరుపుకోవచ్చు, అపార్ట్‌మెంట్ వాళ్లకు అదొక్కటే దారి. పన్నెండు అంగుళాలకు తగ్గకూడదు, అడుగున చిల్లులు మూసుకుపోకూడదు. మే నెలలో డాబా మీద ఉంటే రోజూ పొద్దున్నా సాయంత్రం నీళ్లు తప్పవు, ఊరెళ్తే అదో టెన్షన్.

కుండీలో పెంచేవాళ్లకు మరో విషయం చెప్పాలి. ఇది చిక్కుడు జాతి తీగ. వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. కొబ్బరిపొట్టు, కంపోస్టుతో నింపిన కొత్త కుండీలో ఆ బాక్టీరియా ఉండకపోవచ్చు. వరి కోశాక మినుము వేసిన చేలోంచి రెండు గుప్పెళ్ల మట్టి తెచ్చి కలపండి. మినుము వేళ్లపై బుడిపెలు కట్టే రకాలే దీనికీ పనికొస్తాయి. యూరియా జోలికి వెళ్లొద్దు. వేస్తే తీగ ఏపుగా పాకుతుంది, పూత తగ్గుతుంది.

విత్తనం తోలు గట్టిది. గరుకు కాగితంతో ఒక పక్క కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి, పెరగాల్సిన చోటే వేయండి. వేరు కదిలిస్తే కోలుకోవడానికి టైం పడుతుంది. కడియం నర్సరీల నుంచి మొక్క తెచ్చుకుంటే మట్టిగడ్డ చెదరకుండా కవరు కోసి దించండి. కాయల్ని ఎప్పటికప్పుడు తుంచేస్తే పూత ఆగదు, విత్తనానికి నాలుగైదు వదిలితే చాలు.

ముద్ద రకమా, రేకు రకమా అంటే మీ కంటికి నచ్చిందే. రెండింటికీ సేవ ఒకటే. గ్రోబ్యాగ్ ఒక సీజన్‌కి ఫర్వాలేదు.

రొయ్యల చెరువుల పక్కన ఇళ్లవాళ్లకు మాత్రం నా మాట వేరు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే దిబ్బ పోసినా లాభం లేదు. కుండీలో వేసి, వాన నీళ్లో కాలువ నీళ్లో పట్టి ఉంచుకుని పోయండి.