మైదానంలో భూతం: రెండు స్కూబీ-డూ కథల్లో ఏది ముందు చూపించాలి?

2014లో స్కూబీ-డూ ముఠా (మిస్టరీలు ఛేదించే కార్టూన్ కుక్క స్కూబీ, దాని స్నేహితులు) రెండుసార్లు ఆటల పోటీకి వెళ్లింది, రెండుసార్లూ భూతం అడ్డుపడింది. ‘రెజిల్‌మేనియా మిస్టరీ’లో కుస్తీ రింగు, దెయ్యపు ఎలుగుబంటి. ‘ఘాస్ట్‌లీ గోల్స్’లో బ్రెజిల్, ఫుట్‌బాల్, ఎస్కబాండోర్ అనే రాకాసి. ఆ ఏడాది అసలు ప్రపంచకప్ జరిగింది కూడా బ్రెజిల్‌లోనే కాబట్టి, రెండోది సమయం చూసుకుని వచ్చిందే.

నా ఓటు మాత్రం ఎలుగుబంటికే. అది గంటకు పైగా నడిచే పూర్తి సినిమా. మధ్యలో ఛాంపియన్‌షిప్ బెల్ట్ మాయమవుతుంది, నేరం వచ్చి స్కూబీ, దాని జోడీ షాగీల మీద పడుతుంది. అక్కడే కథ పట్టు బిగుస్తుంది. అంతవరకూ దెయ్యాన్ని చూసి పారిపోయినవాళ్లు ఇప్పుడు తమ పరువు కోసం దాని వెంట పడాలి. అనుమానించడానికి మనుషులూ బోలెడంత మంది, ఆధారాలు కూడబెట్టడానికి ముఠాలోని తెలివైన అమ్మాయి వెల్మాకు తీరికా ఉంది. పైగా జాన్ సీనా, కేన్ లాంటి అసలు రెజ్లర్లు తమ పాత్రలకు తామే గొంతునిచ్చారు. మన ఊళ్లలో రెజ్లింగ్ కార్డులతో ఆడుకుని పెరిగిన నాన్నలు పిల్లల కంటే ముందు టీవీ దగ్గర కూర్చుంటారు.

‘ఘాస్ట్‌లీ గోల్స్’ ఇరవై నిమిషాల చిన్న కథ. పరుగులు, అరుపులు, గోల్‌పోస్టు సందడి బాగుంటాయి గానీ, ముసుగు వెనక ఎవరున్నారో ఆలోచించేలోపే అది ఊడిపోతుంది. ఐదేళ్ల పిల్లలకైతే ఆ నిడివే హాయి, భయం కూడా తక్కువ. ఎనిమిదేళ్లు దాటి, దొంగను తామే పట్టుకోవాలని పట్టుబట్టే పిల్లలుంటే ఎలుగుబంటి కథే పెట్టండి.